పలక మీద లేని కోపం

నా చిన్నప్పుడు, వైశాఖమాసంలో ఒక శుక్రవారం నాడు, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలకు, రైల్వే కార్ఖానా సైరన్ మోగుతుండగా మా పక్కింటి టీచరమ్మ మా ఇంట్లోకి వచ్చి మా నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. కూర్చుంది అని ఒక్క మాటలో రాశాను గాని, ఆమె కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. బుద్ధెరిగినప్పటి నుంచి కుర్చీ తప్ప నేల ఎరగదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో గౌను సర్దుకుని, "ఓ లార్డ్, ఓ లార్డ్" అనుకుంటూ కొంచెం కొంచెంగా దిగింది. ఆమె దిగడం పూర్తయ్యేసరికి మా నాయనమ్మ మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

రోజు, గంట అంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయని మీరు అడగవచ్చు. నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి గాని, గడియారం ఆరో ఏటనే వచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు గడియారం తర్వాతే మిగతా చదువులన్నీ. నాన్న డ్యూటీకి ఎప్పుడు వెళ్ళాలి, టిఫిను డబ్బా ఎప్పుడు సర్దాలి, నల్లా ఎప్పుడు వస్తుంది, అన్నీ ముల్లు చూసే జరిగేవి.

టీచరమ్మ ఆంగ్లో ఇండియన్. భర్త ఇంజన్ డ్రైవరు. నేను పుట్టకముందే పోయాడు. పిల్లలు లేరు. రైల్వే పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరయింది. ఉన్నది ఒక్కతే చెల్లెలు, తిరుమలగిరిలో మిలిటరీ ఆయన భార్య. మా క్వార్టర్ల వరస చివర, మా గోడకు ఆనుకుని ఆమె సొంత పెంకుటిల్లు. మా నాయనమ్మ పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో వంటా, అంట్లూ, ఇల్లు తుడవడం చూసేది. నాయనమ్మ వెనకాల తోకలా నేను. మా అమ్మానాన్నలు నన్ను బడికి పంపలేదు. అప్పట్లో మా వరసలో ఆడపిల్లల్ని పంపనివాళ్ళే ఎక్కువ. అందుకని ఇప్పుడు వాళ్ళను తిట్టుకోను, అలాగని మంచిపనే చేశారనీ అనను.

ఆ ఇంటి వంటగది తలుపు పక్కన మేకుకు ఒక రాతిపలక వేలాడుతూ ఉండేది. ఆ ఇంట్లో వింత అదే. టీచరమ్మకు ఏ పొద్దున కోపం వస్తే ఆ కోపం పేరు సుద్దతో పలక మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో రాసి పెట్టేది. కోపం తగ్గాక తనే తుడిచేది. పలక ఖాళీగా ఉంటే ఇల్లు బాగున్నట్టు. ఆమె భర్త డ్యూటీ దిగి చిరాకుగా వచ్చే రోజుల్లో ఆయన కోసం మొదలుపెట్టిన ఏర్పాటట అది. ఆయన పోయాక ఆయన పలక ఈమె వాడుకుంది.

మా ఇంట్లో కోపానికి ఒకటే పేరు ఉండేది, కోపం. నాన్న దాన్ని గుస్స అనేవాడు, అంతే తేడా. టీచరమ్మ దగ్గర మాత్రం కోపాలు డబ్బాల్లో పోపుదినుసుల్లా వేరు వేరుగా ఉండేవి. అనాయ్డ్ అంటే చెవి దగ్గర దోమ. మన పని మనం చేసుకోవచ్చు గాని కూనిరాగాలు తీయకూడదు. క్రాస్ అంటే ఆమె చాయ్ తాగేదాకా పలకరించకూడదు. ఫెడప్ అంటే పెరటి వైపు నుంచి వచ్చి, అంట్లు తోమి, ఏమీ అడగకుండా వెళ్ళిపోవాలి. ఫ్యూరియస్ అంటే ఆ రోజు గడప తొక్కకూడదు. ఇవి రాసే మాటలు. నోటితో అనేవి ఇంకా ఉండేవి. కోపంతో గెంతడమట, హాపింగ్ మ్యాడ్. ఆమె గెంతితే చూడాలని నేను ఏడాదిపాటు ఆశగా కాచుకున్నాను, ఒక్కసారీ గెంతలేదు. ఇంకోటి లెటింగ్ ఆఫ్ స్టీమ్. అది మాత్రం మా నాన్నకు తెగ నచ్చింది. ఆయన లోకోషెడ్డులో ఫిట్టరు. "బాయిలర్ల ఆవిరి ఎక్కువైతే వాల్వు దానంతటదే లేస్తది. లేవకపోతే పేలుతది. టీచరమ్మ పలక సుత వాల్వు లెక్కనే" అని అందరికీ చెప్పుకునేవాడు.

మా నాయనమ్మకు చదువు రాదు. నాకూ రాదు. కాని నాకు ఆకారాలు తెలుసు. డేరాతో మొదలైతే అనాయ్డ్. చివర రెండు పాములుంటే క్రాస్. రెండు చేతుల సిగ్నల్ స్తంభంతో మొదలై, మధ్యలో తెగిపోయి రెండు ముక్కలుగా ఉంటే ఫెడప్. అదే స్తంభంతో మొదలై, తెగకుండా పొడుగ్గా పోయి, చివర ఒకే పాము ఉంటే ఫ్యూరియస్. రోజూ పొద్దున నేను ముందు పరుగెత్తి పలక చూసి, వెనక్కి వచ్చి నాయనమ్మకు చెప్పేదాన్ని. అది నా ఉద్యోగం. నా మాట మీదే ఆమె గడప దాటేది.

ఆ నేల మీద కూర్చున్న శుక్రవారానికి ముందటి శుక్రవారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు, నేను వెళ్ళి చూస్తే పలక మీద స్తంభం, చివర ఒకే పాము. ఫ్యూరియస్. శుక్రవారం ఆ ఇంట్లో బ్రెడ్ పుడ్డింగ్ చేసే రోజు. గిన్నె అడుగున అంటుకున్నదంతా నాది. వారమంతా దాని కోసమే ఎదురుచూసేదాన్ని. ఈ రోజు గడప తొక్కకపోతే మళ్ళీ వారం దాకా లేదు. అటూ ఇటూ చూశాను. లంగా అంచు పైకి పట్టుకుని పలక శుభ్రంగా తుడిచేశాను. వెనక్కి వచ్చి, "ఖాళీ ఉంది నాయనమ్మా" అన్నాను.

ఎవరి మీదా తోయకుండా చెబుతున్నాను. చిన్నదాన్ని గనక తెలియక చేశాననడం అబద్ధం. తెలిసే చేశాను.

నాయనమ్మ హుషారుగా లోపలికి వెళ్ళింది. ఆ పొద్దున చెల్లెలి దగ్గర నుంచి కబురు వచ్చిందని, తమ అమ్మ వాయించిన పియానోను ఒక్క మాటైనా అడగకుండా ఆ చెల్లెలు ఎవరికో ఇచ్చేసిందని మాకేం తెలుసు? నాయనమ్మ నవ్వుతూ, "ఏం మేమ్‌సాబ్, తిరుమలగిరి చెల్లెమ్మ మామిడిపండ్లు పంపిందా?" అని అడిగింది. అడగడానికి లోకంలో ఇంకే ప్రశ్నా దొరకనట్టు.

టీచరమ్మ అరిచిన అరుపు గోడవతల మా అమ్మకు వినపడింది. ఇంగ్లీషు, హిందీ, తెలుగు అన్నీ కలిసిపోయాయి. పలక చూడలేదా, కళ్ళు లేవా అంది. చివరికి, "చదువురాని మనుషుల కోసం పలక రాయడం, అది నా బుద్ధి తక్కువ!" అంది.

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత బొడ్లో దోపుకున్న వంటింటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా ఇంటికి వచ్చేసింది.

ఆ మర్నాడు వెళ్ళలేదు. ఆ మూడోనాడూ వెళ్ళలేదు. పద్నాలుగేళ్ళలో జ్వరం వచ్చినా మానని మనిషి మా ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. తినమంటే రెండు ముద్దలు తిని కంచం జరిపేది. మా నాన్న ఓదార్చబోయాడు. "పోనియ్యవే అమ్మా. సికింద్రాబాద్‌ల ఇండ్లే లేవా? బోయిగూడల అక్కను అడుగుతా, వేరే ఇల్లు చూస్తది" అన్నాడు.

"నాకు వేరే ఇల్లెందుకు? ఎవరినీ ఏం అడగకు. నన్ను పరేషాన్ చెయ్యకు, నీ డ్యూటీకి నువ్వు పో" అంది.

అట్నుంచి టీచరమ్మా రాలేదు. రోజుకోసారి నేను వెళ్ళి దొంగచాటుగా చూసి వచ్చేదాన్ని. పలక ఖాళీగానే ఉండేది. వంటింట్లోంచి మాత్రం మాడిన వాసన వచ్చేది. ఆ ముసలావిడ ఒక్కతే పొయ్యి ముందు దగ్గుకుంటూ ఉండేది. ఇక్కడ మా ముసలావిడ రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతుక్కుంటూ ఉండేది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక గోడ, నా లంగా అంచు. పద్నాలుగేళ్ళ పొత్తు నేను తుడిచేశానని నాకు తెలుసు. నోరు మాత్రం రాలేదు. చెబితే ఆ గడప నాకు ఉండదు, పలకా ఉండదు, నాయనమ్మ ముందు పరుగెత్తే ఉద్యోగమూ ఉండదు. అందుకని మూసుకుని కూర్చున్నాను.

ఎనిమిదో రోజు, రెండో శుక్రవారం పొద్దున, నాయనమ్మ ఆ రెండు ముద్దలు కూడా తినలేదు. నాకు భయం వేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె కుర్చీలో కూర్చుని మాడిన రొట్టెను కత్తితో గీకుతోంది. గడపవతలే నిలబడి ఒక్క గుక్కలో, "పలక నేనే తుడిచిన మేమ్‌సాబ్. నాయనమ్మకు తెల్వదు. ఖాళీ ఉందని నేనే చెప్పిన" అనేశాను.

ఆమె లేచి వెళ్ళి సుద్దముక్క తెచ్చింది. పలక మీద రాసింది. స్తంభం, పొడుగు మాట, చివర ఒకే పాము. "ఇది నీ కోసం. ఐదు నిమిషాలు" అని గడియారం చూపించింది. నేను చేతులు కట్టుకుని పలక ముందు నిలబడ్డాను. జీవితంలో అంత పొడుగైన ఐదు నిమిషాలు నేను మళ్ళీ చూడలేదు. ముల్లు ఐదు గీతలు దాటగానే ఆమె తన చేతిరుమాలుతో పలక తుడిచి, "అయిపోయింది. ఇంక నీ మీద లేదు" అంది. నిజంగానే ఇంక లేదు. ఆ కోపాన్ని మళ్ళీ ఎప్పుడూ తీయలేదు.

తర్వాత నాయనమ్మ గురించి అడిగింది. "ఆయా ఇంకా ఫ్యూరియస్?"

"గాదు మేమ్‌సాబ్."

"ఫెడప్?"

"గాదు."

"క్రాస్? అనాయ్డ్? ఏది మరి? నేను వెయిట్ చేస్తున్నా కదా, ఆమె కోపం తగ్గాలని. కోపంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళడం మర్యాద కాదు."

ఎనిమిది రోజులుగా ఈమె తలుపు దగ్గరికి రాకపోవడం పొగరనుకున్నాం మేమంతా. అది మర్యాదట!

"ఆమెకు కోపం గాదు. అలిగింది" అన్నాను.

"అలిగింది అంటే?"

ఎట్లా చెప్పాలి? పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నదాన్ని విడమరిచి చెప్పమంటే కష్టమే. "అలిగితే మనం పోయి పిలవాలె. రానంటది. మల్ల పిలవాలె. మల్ల రానంటది. జెర గడ్డం పట్టుకొని సుత పిలవాలె."

"ఎన్నిసార్లు?"

"వచ్చేదాంక."

"వద్దు పొమ్మంటే?"

"పోవద్దు. పొమ్మంటది, గని పోవద్దు."

"పిలవకపోతే?"

"పిలవకపోతే ఇంక అలుగుతది."

టీచరమ్మ కత్తి బల్ల మీద పెట్టేసింది. పలకవైపు చూసింది, మా ఇంటి గోడవైపు చూసింది. "నేను పలక పెట్టేది ఎవరూ రావొద్దని. ఆమె కూర్చున్నది ఎవరైనా రావాలని. ఎనిమిది రోజులు! ఓ, వాట్ ఎ ఫూల్" అంది. ఆ ఫూల్ తనను తానే అనుకున్నదని నాకు తర్వాత అర్థమైంది.

అదీ సంగతి. అట్లా ఆమె పన్నెండు గంటలకు మా నేల మీద కూర్చుంది. నాతో మోయించుకొచ్చిన, తువ్వాలు కప్పిన వస్తువేదో తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయా, ఇంటికి రా."

నాయనమ్మ గోడతో అన్నట్టు అంది. "చదువురానోళ్ళు ఎందుకు ఆ ఇంటికి?"

టీచరమ్మ నావైపు చూసింది. నేను మెల్లగా, "మల్ల పిలువుండ్రి" అన్నాను.

అప్పుడే మా నాన్న అన్నానికి వచ్చాడు. గడపలో కాలు పెట్టి, టీచరమ్మ నేల మీద ఉండడం చూసి బిత్తరపోయాడు. "అరే, ఏందిది! కుర్చీ ఎయ్యుండ్రి ఎవలన్న!" అన్నాడు.

"ఎవ్వరు ఎయ్యొద్దు" అంది నాయనమ్మ, మొహం తిప్పకుండానే.

గోడ మీంచి తొంగిచూస్తున్న అవతలి క్వార్టరు బెజవాడ పిన్నిగారు ఉండబట్టలేక, "అయ్యో అయ్యో, మోకాళ్ళ నొప్పులావిడండీ, కనీసం పీటైనా వెయ్యండి" అంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటూ పీట తెచ్చింది. నాయనమ్మ ఓరకంటితో చూసింది గాని ఏమీ అనలేదు. పీట చెల్లిపోయింది.

టీచరమ్మ మళ్ళీ పిలిచింది. మళ్ళీ రానంది. మూడోసారి టీచరమ్మ చేయి చాపి మా నాయనమ్మ గడ్డం పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, పళ్ళు చూసే డాక్టరు పట్టుకున్నట్టు ఉంది. "ఆ రోజు నేను అన్న మాట తప్పు. చదువు ఉన్న నాకు ఎనిమిది రోజులు తెలియలేదు. చదువు లేని ఈ పిల్ల వచ్చి చెప్పింది. నర్సమ్మా, రా" అంది.

ఆమె నోట మా నాయనమ్మ పేరు నేను వినడం అదే మొదలు. నాయనమ్మ గోడవైపే ఉంది గాని, మెడ కొంచెం ఇటు తిరిగింది. ఆ సందు చూసి టీచరమ్మ ఒళ్ళో తువ్వాలు తీసింది. కింద నల్లగా మాడిపోయిన పుడ్డింగ్ గిన్నె. పద్నాలుగేళ్ళు మా నాయనమ్మ చింతపండు పెట్టి తోమి తోమి అద్దంలా ఉంచిన గిన్నె అది.

నాయనమ్మ మొత్తం తిరిగిపోయింది. "హవ్వ! ఇదేంది? గిన్నెను గిట్ల చేసినవా?"

"నువ్వు రాకపోతే రేపు ఇంకోటి మాడుస్తా."

"నీ చేతుల పొయ్యి పెట్టినోళ్ళనాలె! ఇటు తే" అని గిన్నె లాక్కుంది. నాన్న గట్టిగా నవ్వాడు. టీచరమ్మను లేపడానికి నలుగురం కావలసి వచ్చింది. ఆ గిన్నెతోపాటు తాళంచెవి కూడా తిరిగి నాయనమ్మ బొడ్లోకి వచ్చింది.

ఇక్కడితో అయిపోతే ఇది టీచరమ్మ కథ అయ్యేది. నాకు తగిలింది ఆ తర్వాత.

మధ్యాహ్నం పెరట్లో నాయనమ్మ ఆ గిన్నె తోముతోంది. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోస్తున్నాను. అంతా సర్దుకుందన్న ధీమాతో, "మేమ్‌సాబ్ మీద అలక పోయిందా నాయనమ్మా?" అన్నాను.

"ఆమె మీద అలక ఒక్క పూటదే. అరిచిన మనిషికి ఏదో బాధ ఉన్నదని నాకు తెల్వదా? మిగిలిన ఏడు దినాలు నీ మీదనే" అంది.

నా చేతిలో చెంబు ఆగిపోయింది.

"నీ లంగ ఉతికింది ఎవలనుకున్నవ్? అంచుకు బారెడు సుద్ద. ఆ దినమే చూసిన."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే అది అలకెట్లయితది? నువ్వే వచ్చి చెప్తవని చూసిన. నా పక్కల కూసొని నా కంచంల తిన్నవ్. ఏడు దినాలు."

టీచరమ్మ అరిచినప్పుడు, పిల్ల చెబితేనే వచ్చానని నాయనమ్మ ఒక్క మాట అంటే చాలు, ఆమె మీద మచ్చ పోయేది. అనలేదు. అంటే ఆ గడప నాకు మూసుకుపోతుందని ఊరుకుంది. చదువురానిదని అనిపించుకుని, తాళంచెవి పెట్టేసి వచ్చింది. వచ్చి నా కోసం కూర్చుంది. నేనేమో గోడవతలికి వెళ్ళి చెప్పాను గాని, పక్కన కూర్చున్న మనిషికి చెప్పలేదు. నేను ఏడ్చాను. ఆమె మసి చేత్తోనే నా మొహం తుడిచింది. ఇద్దరి మొహాలూ నల్లబడ్డాయి. ఆ వారం గిన్నె అడుగున పుడ్డింగ్ లేదు, బొగ్గే.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున పలక మీద ఎప్పుడూ చూడని మాట కనిపించింది. మొదట డేరా, మధ్యలో డేరా, చివర డేరా. మూడు డేరాల కోపం ఏదో నాకు తెలియలేదు. నాయనమ్మను తీసుకొచ్చి చూపించాను. లోపల కుర్చీలో టీచరమ్మ మొహం అటు తిప్పుకుని కూర్చుంది, ఒక కన్ను మాత్రం ఇటే ఉంది. నాయనమ్మకు చదవాల్సిన పని లేకపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "ఏమైందమ్మా నా తల్లికి?" అంటూ గడప దాటి నేరుగా వెళ్ళి గడ్డం పట్టుకుంది. ముందురోజు తన పుట్టినరోజట. ఎవరికీ గుర్తు లేదట.

టీచరమ్మ నాకు అక్షరాలు నేర్పుతానని చాలాసార్లు పిలిచింది. నేనే పారిపోయాను. తొక్కుడుబిళ్ళ ముందు అక్షరాలేం ఆనుతాయి? యాభై రెండో ఏట నా కోడలు నేర్పితే నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఆ మూడు డేరాల మాట, అలక, నేనే ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూసుకున్నాను. ఆమె సరిగ్గానే రాసింది.

ఇప్పుడు నా మనవరాలు రోజుకు పదిసార్లు "ఇరిటేటింగ్‌గా ఉంది నాయనమ్మా" అంటుంది. ఫ్రస్ట్రేషన్ అంటుంది. తలుపు వేసుకుంటుంది. నేను తలుపు బయట నిలబడి, "పలకా, అలకా?" అని అడుగుతాను. పలక అంటే నా దారిన నేను పోతాను. జవాబు రాకపోతే చాయ్ తీసుకుని లోపలికి పోతాను. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి తిరుగుతుంటే, వాళ్ళను ఎవరేమన్నారని విచారించే ముందు నా చీర అంచు ఒకసారి చూసుకుంటాను, సుద్ద అంటిందేమోనని. డెబ్బై దాటాను, ఇప్పటికీ ఒక్కోసారి అంటుతూనే ఉంటుంది. అప్పుడు ఏడు రోజులు ఆగను.

ఆ శుక్రవారం పన్నెండు గంటలకు మా ముందుగదిలో ఉన్నవాళ్ళ పేర్లు ఇన్నాళ్ళూ నోటితో చెప్పాను, ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను. మా నాయనమ్మ నర్సమ్మ. పీట మీద టీచరమ్మ, గ్లాడిస్. గడపలో మా నాన్న మల్లయ్య. కొంగు నోట్లో కుక్కుకుని మా అమ్మ పోచమ్మ. గోడ మీంచి తొంగిచూస్తూ బెజవాడ పిన్నిగారు సుబ్బలక్ష్మి. నాయనమ్మ సుద్దంతా పోయేలా ఉతికి ఇచ్చిన లంగాలో నేను, యాదమ్మ.